గంటంబావు ఎవరికి?

హైదరాబాదు నుంచి విశాఖకు విమానంలో గంటా పదిహేను నిమిషాలు అని టికెట్ మీద వేస్తారు. అది విమానం లెక్క. ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగే దాకా. మనిషి లెక్క ఎవరూ వెయ్యరు. నా కోపమంతా దాని మీదే.

మా రోజుల్లో విమానమంటే బేగంపేట. ఊరి నడిబొడ్డున ఉండేది. అమీర్‌పేటలో టిఫిను చేసి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో గేటు ముందు దించేవాడు. టికెట్ చిన్న పుస్తకంలా ఉండేది, ఆకుల వెనక ఎర్ర కార్బన్ పూత, పట్టుకుంటే వేళ్ళకంటేది. కౌంటరులో ఒక ఆకు చింపుకుని, పెట్టెకు చీటీ కట్టి పంపేసేవారు. ఎండలో నడుచుకుంటూ పోయి మెట్లెక్కేవాళ్ళం.

2008 మార్చిలో మామూలు విమానాలన్నీ శంషాబాదుకు తరలించారు. ఊరు పెరిగింది, పెద్ద రన్‌వే కావాలి, కాదనను. కానీ విమానం వేగం పెరిగిందా? అప్పటి బోయింగ్ అయినా ఇప్పటి ఎయిర్‌బస్ అయినా గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకే. ఆకాశంలో దూరం అప్పుడూ ఇప్పుడూ 500 కిలోమీటర్ల చిల్లరే. పెరిగిందల్లా నేల మీద మన అవస్థ.

కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళు పదింటి విమానానికి ఆరున్నరకే ఇల్లు వదలాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు, అందుకని రెండు గంటల ముందు రమ్మంటారు. లోపల వరుస. బెల్టు, పర్సు, ఫోను, చేతి గడియారం అన్నీ ట్రేలో పెట్టాలి. 1999లో ఐసీ 814 విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయాక తనిఖీ వద్దని ఎవరంటారు? నేనూ అనను. కానీ ఆ తర్వాత గేటు దాకా నడక ఉందే, మోకాళ్ళు అరిగినవాళ్ళకు అది నరకం. విశాఖలో దిగి, సామాను కోసం నిలబడి, ఎన్‌ఏడీ కూడలి దాటి ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. గంటంబావు ప్రయాణానికి ఆరు గంటలు!

రైలు చూడండి. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పోయేవాళ్ళం. 2023లో వచ్చిన వందే భారత్ సికింద్రాబాదు నుంచి దాదాపు 700 కిలోమీటర్లూ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తోంది. రైలు మనిషికి కాలం మిగిల్చింది, విమానాశ్రయం తినేసింది.

ఇక విశాఖ వంతు. ఊళ్ళో ఉన్న విమానాశ్రయం బదులు 45 కిలోమీటర్ల అవతల భోగాపురం. శంషాబాదు తెరిచి ఇన్నేళ్ళయినా టెర్మినల్ గుమ్మం దాకా మెట్రో రాలేదు. భోగాపురానికైనా ఆ గతి పట్టించకండి. ఊళ్ళోంచి రైలో మెట్రోనో ముందు వెయ్యండి.