కలంపోటుకు పెరిగిన శిఖరం

ఎవరెస్ట్ ఆరోహణ రుసుమును వసంతకాలానికి 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచుతూ, 2025 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా నేపాల్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని పత్రికలన్నీ ఆర్థిక వార్తగా అచ్చువేసి చేతులు దులుపుకోవడం శోచనీయం. అది నిజానికి భూగర్భశాస్త్ర వార్త. రుసుమును చాలాకాలంగా సమీక్షించలేదు కనుకనే ఇప్పుడు సవరించామని పర్యాటక శాఖ అధికారులు ఇచ్చిన వివరణను నిదానంగా చదివినవారికి, సమీక్ష లేక ఇన్నేళ్లూ కుంగి ఉన్నది ఖజానా కాదని, సాక్షాత్తూ పర్వతమేనని బోధపడక మానదు.

ఇంతకాలం కొండల ఎత్తును నిర్ణయించే పద్ధతి మహా మోటుగా ఉండేది. భూమిని త్రిభుజాలుగా విడగొట్టి, థియోడలైట్ అనే పరికరంతో కోణాలు కొలిచి, వాటి నుంచి దూరాలనూ ఎత్తులనూ రాబట్టే మహా త్రికోణమితి సర్వే పోగుచేసిన అంకెలతో కుస్తీపట్టి, పదిహేనో నంబరు శిఖరమే లోకంలోకెల్లా ఎత్తయినదని గణకుడు రాధానాథ్ సిక్దార్ 1852 ప్రాంతంలో తేల్చగా, దాని ఎత్తు 29,002 అడుగులని 1856లో లోకానికి ప్రకటించారు. 2019లో నేపాల్ సర్వేయర్లు పరికరాలను శిఖరం దాకా మోసుకెళ్లి తీసిన కొలతల ఆధారంగా, 2020 డిసెంబరులో నేపాల్, చైనాలు కలిసి ఆ ఎత్తును 8,848.86 మీటర్లుగా ఖరారు చేశాయి. అంత శ్రమకూ అంతకుముందు చెలామణిలో ఉన్న 8,848 మీటర్ల లెక్క మీద దక్కినది 86 సెంటీమీటర్లు.

రుసుము-భూగర్భశాస్త్రం అని పిలవదగిన కొత్త శాస్త్రానికి అంత ఆయాసం అవసరం లేదు. పర్వతం ఎత్తు దాని మీద అడుగుపెట్టడానికి చెల్లించే సొమ్ముకు అనులోమానుపాతంలో ఉంటుందన్నది దీని మూలసూత్రం కాగా, 11,000 డాలర్లకు 8,848.86 మీటర్లయినప్పుడు 15,000 డాలర్లకు ఎంత అన్న త్రైరాశికం వేస్తే 12,067 మీటర్లని తేలుతుంది. భారత ఫలకం కోట్ల ఏళ్లుగా ఉత్తరానికి తోసుకుపోతూ, యురేషియా ఫలకం కిందికి దూరుతూ, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పెంచలేకపోతున్న శిఖరాన్ని ఒక గుమాస్తా కలం ఒక్క మధ్యాహ్నంలో 3,200 మీటర్లకు పైగా లేవనెత్తింది. మేరువు మీది పంతంతో వింధ్యుడు పెరిగినప్పుడు తలవంచమని చెప్పడానికి అగస్త్యుడైనా ఉన్నాడు. ఆరోహకుల సంఖ్యకు పరిమితి విధించాలని 2024లో ఆదేశించిన నేపాల్ సుప్రీంకోర్టు ఆ ముని పాత్రకు సిద్ధపడినా, ప్రభుత్వం సంఖ్యను వదిలిపెట్టి ధరను పట్టుకుంది.

పాఠ్యపుస్తకాలన్నీ తిరగరాసే బెడద తప్పించడానికి 15,000 డాలర్లనే 8,848.86 మీటర్లకు సమానమని స్థిరపరచుకున్న పక్షంలో ఈ శాస్త్రం మరిన్ని అద్భుతాలను వెల్లడిస్తుంది. శరదృతువు రుసుము 7,500 డాలర్లు గనుక అప్పుడు ఎవరెస్ట్ 4,424 మీటర్లకు దిగివస్తుంది; దక్షిణపు బేస్ క్యాంపు, అంటే ఆరోహణ మొదలుపెట్టే స్థావరం, 5,364 మీటర్ల వద్దే ఉంటుంది గనుక ఆ రుతువులో శిఖరాన్ని చేరదలచినవారు గుడారాల నుంచి 940 మీటర్లు కిందికి దిగవలసి వస్తుంది. చలికాలంలోనూ వానకాలంలోనూ రుసుము 3,750 డాలర్లే కావడం వల్ల శిఖరం 2,212 మీటర్లకు కుదించుకుపోయి, వేసవి సెలవుల్లో ఊటీ వెళ్లే తెలుగు కుటుంబాలు కారు దిగి ఫొటో తీయించుకునే దొడ్డబెట్ట కంటే పొట్టిదవుతుంది. గాలులు మనిషిని గడ్డిపోచలా ఎగరగొట్టే జనవరి నెలలో ఆ కొండ ఎక్కడం ఊటీ విహారం కంటే తేలికని నిరూపించిన శాస్త్రం ఇంతకుముందు లేదు. నేపాలీ పౌరులకు వసంతకాలపు రుసుము 75,000 రూపాయల నుంచి 1,50,000 రూపాయలకు రెట్టింపయినప్పటికీ అది అప్పటి మారకంలో 1,080 డాలర్లకు అటూఇటూ మాత్రమే గనుక వారి పాలిటి ఎవరెస్ట్ సుమారు 640 మీటర్లు. తిరుమల కొండ అంతకంటే ఎత్తు.

పెంపు వల్ల రద్దీ తగ్గుతుందని వాదించేవారూ ఉన్నారు. 2023 వసంతంలో ప్రభుత్వం 478 అనుమతులు ఇచ్చింది. 8,000 మీటర్లకు పైన, గాలిలోని ఆక్సిజన్ కొరత మనిషిని ఎక్కువసేపు బతకనివ్వని చోటుకు మృత్యుమండలమని పేరు. శిఖరానికి కొద్ది దూరంలో, ఆ మండలంలోనే, రంగురంగుల కోట్లు తొడిగిన మనుషులు సినిమా టికెట్ల వరుసలా నిలబడిన 2019 మే నాటి ఫొటోను చూడనివారు అరుదు. ఆ వరుసలో నిలబడడానికి మొత్తం మీద 45,000 నుంచి లక్ష డాలర్ల దాకా ఖర్చుపెట్టే ఆసామి మరో 4,000 డాలర్లకు వెనుదిరుగుతాడని నమ్మడానికి చాలా అమాయకత్వం కావాలి. వెనుదిరిగేది ఎవరంటే, 2014లో టిబెట్ వైపు నుంచి పదమూడేళ్ల వయసులో శిఖరం చేరిన మాలావత్ పూర్ణ వంటి గురుకుల విద్యార్థులు, దాతల కోసం కలెక్టరేట్ల చుట్టూ తిరిగే కూలీల బిడ్డలు. దాదాపు మూడున్నర లక్షల రూపాయల ఈ పెంపుతో పర్వతం నిజంగా పెరిగినది వారికే.

శాస్త్రంలో ఇంకొక్క అంకె మిగిలింది. తాళ్లు కట్టి, నిచ్చెనలు వేసి, గుడారాలూ ఆక్సిజన్ సిలిండర్లూ మోసే షెర్పా ఈ రుసుము చెల్లించడు గనుక సూత్రం ప్రకారం అతడి ఎవరెస్ట్ ఎత్తు సున్నా. అతడు చదునైన నేల మీద నడుస్తున్నాడన్నమాట. ఖుంబూ ఐస్‌ఫాల్, అంటే నిటారు వాలు మీద హిమానీనదం బద్దలై ఇళ్లంతటి దిమ్మలుగా వేలాడే చోటు, అతడు ఒక్క సీజన్‌లోనే పదేపదే దాటే చదును. 2014 ఏప్రిల్ 18న ఆ చదును మీద విరుచుకుపడిన మంచు కింద 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. తక్షణ సాయంగా ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ప్రకటించినది 40,000 నేపాలీ రూపాయలు, సుమారు 400 డాలర్లు. ఏడుగురి జట్టుకు 70,000 డాలర్లు వసూలు చేసిన ఏడాది అది. షెర్పాలు పని మానేసి కొండ దిగిపోయినప్పుడు వారి కోపం చూసి ఆశ్చర్యపోయినవారు ఉండడమే ఆశ్చర్యం.

ఇప్పుడు రుసుము పెంచిన సవరణలోనే ఎత్తయిన చోట్ల పనిచేసే గైడు బీమాను 15 లక్షల నేపాలీ రూపాయల నుంచి 20 లక్షలకు పెంచారు. శిఖరం 36 శాతం పెరిగితే ప్రాణం 33 శాతం పెరిగింది. ఇరవై లక్షలంటే సవరణ నాటి మారకంలో దాదాపు 14,400 డాలర్లు. కొత్త శాస్త్రం ప్రకారం ఆ ప్రాణం 8,495 మీటర్ల దాకా, బాల్కనీ అనే మలుపు దాటి కాస్త పైకి, మృత్యుమండలం నడుమకు చేరి, శిఖరానికి 350 మీటర్ల దిగువన ఆగిపోతుంది. పాత అంకెల్లోనూ ఇంతే. 15 లక్షలు 11,000 డాలర్లకు కొద్దిగా తక్కువగానే ఉండేవి. ఇక్కడ హాస్యానికి చోటు లేదు. ఒక పర్యాటకుడిని కొండ ఎక్కనివ్వడానికి వసూలు చేసే సొమ్ము, అతడిని ఎక్కించబోయి చనిపోయే మనిషి భార్యాబిడ్డలకు దక్కే బీమా సొమ్ము కంటే ఎక్కువగా ఉండాలని ఏ దేవుడూ శాసించలేదు, ఏ ఫలకమూ తోయలేదు. కాఠ్‌మాండూలో బల్ల ముందు కూర్చున్నవారు రెండుసార్లూ కలం పట్టి, రెండుసార్లూ ఆ మనిషిని అనుమతి పత్రం కంటే చౌకగా రాశారు. ఈసారి తేడా 600 డాలర్లు. చాలాకాలంగా సమీక్షించని రుసుము గుర్తొచ్చినవారికి, దాని పక్కనే ఉన్న ఈ అంకెను ఆ 600 డాలర్లు పెంచి రాయడానికి మనసొప్పలేదు.