కొలిమికి ముందే నా కొలత

కొలిమి దాటాక నన్ను ఒక్క నూలు కోయాలన్నా కుదరదు, బెజ్జం వేయాలన్నా కుదరదు. నా బతుకంతా ఈ నియమం మీదే నడిచింది కాబట్టి కథ కూడా ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను సంగారెడ్డిలో ఒక ఇంటి స్నానాలగది మూలన నిలబడిన గాజు పలకను. అడుగున 900 మిల్లీమీటర్ల వెడల్పు, 2000 ఎత్తు, 10 మందం. బరువు దాదాపు 45 కిలోలు. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించి, ఆ ద్రవాన్ని కరిగిన తగరం మీద తేలించి నన్ను చేశారు. ఈ పద్ధతిని 1959లో లోకానికి చాటింది ఇంగ్లండులోని పిల్కింగ్‌టన్ సంస్థ. పాశమైలారంలో గాజు కోసి కాల్చే షెడ్డుకు చేరేనాటికి నేనింకా ఒక పెద్ద పలకలో భాగాన్నే. నా కొలత ఎలా పుట్టిందో బిగించిన రోజు మాటల్లో విన్నాను.

ఇంటి పెద్దాయన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో టర్బైన్ల పని చేసి రిటైరయ్యాడు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు. నేలంతా తడిస్తే ఆమె ఎక్కడ జారుతుందోనని ఆయనకు దిగులు. నీళ్లు ఆ మూల దాటకుండా గాజు పెట్టిద్దామన్నాడు. "చిన్నప్పుడు మా ఊర్ల తడక చాటున తానం చేసేటోళ్లం. ఇప్పుడు అద్దాల గదా?" అని ఆమె నవ్విందట. "నువ్వు జారకుంట ఉంటే చాలు" అన్నాడట ఆయన.

కొలతకు వచ్చిన కుర్రాడు నేల దగ్గర టేపు పట్టి అంకె రాసుకోబోతే పెద్దాయన ఆపాడు. "టైల్స్ వేసినంత మాత్రాన గోడ సక్కగుంటదా బిడ్డా? గుండు వదులు." తాడుకు వేలాడే గుండు వదిలి చూస్తే పైకి వెళ్లేకొద్దీ గోడ మూడు నూళ్లు ముందుకు వచ్చింది. అంటే 9 మిల్లీమీటర్ల పైమాటే. అందుకే కింద, నడుమ, పైన మూడు చోట్లా కొలిచారు. గోడ వైపు నా అంచు ఆ వాలుకే కోశారు. లేకపోతే నాకూ గోడకూ మధ్య సందు మిగిలేది, దాన్ని సిలికాన్‌తో పూడ్చాల్సి వచ్చేది. అంత మందాన పూసిన సిలికాన్ కొన్నాళ్లకు నల్లబడి ఊడుతుంది.

తర్వాత మూల. ఒక గోడ వెంట 600, రెండో గోడ వెంట 800 గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం చూశారు. లంబకోణమైతే సరిగ్గా 1000 రావాలి. 1006 వచ్చింది. మూల కాస్త తెరుచుకుని ఉంది. అలాంటిచోట లెక్కలను నమ్మకూడదు. గాజు నిలబడే గీతను గ్రానైట్ గట్టు మీద గీసి, ఆ గీత వెంబడే కొలవాలి. వాళ్లు అదే చేశారు.

నా పక్కన వచ్చే గాజు తలుపు గురించి ఎక్కువసేపే చర్చ జరిగింది. గోడకు వేలాడదీస్తే షవర్ ధార సరిగ్గా మడతబందుల సందులో కొడుతుంది. పైగా అక్కడే గీజర్ పైపు ఉంది. టైల్స్ వేయకముందే పెద్దాయన గోడకు టేపు ఆనించి పైపుల ఫొటోలు తీసి ఉంచాడు. అవి చూశాక బందులను గోడకు కాకుండా పక్కన నిలిపే చిన్న గాజు పలకకు మార్చారు. తలుపు బయటికే తెరుచుకోవాలని ఆయన పట్టుబట్టాడు. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు మనిషే అడ్డమవుతారు. నా దృష్టిలో ఆయన తీసుకున్న నిర్ణయాలన్నింట్లో గొప్పది ఇదే.

ఈ కొలతలు రాసిన కాగితం షెడ్డుకు చేరాక నన్ను కోసి, అంచులు నునుపు చేసి, క్లాంపుల కోసం గాట్లు పెట్టి, 620 డిగ్రీల పైన కాల్చారు. వెంటనే రెండువైపులా చల్లగాలి కొట్టారు. పైపొర ముందు గట్టిపడింది. లోపలి పొర తర్వాత చల్లారుతూ దాన్ని బిగించి పట్టుకుంది. మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్ల బలం నాకు ఆ బిగువు వల్లే వచ్చింది. ఆ బిగువు ఎక్కడ తెగినా నేను చిన్న గుళ్లుగా రాలిపోతాను, కత్తుల్లాంటి పెంకులుగా చీలను. నా బలహీనత అంచుల్లో ఉంది. టైల్ నేల మీద అంచు ఒక్కసారి గట్టిగా తగిలితే చాలు. అందుకే ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా నన్ను నిలువునా కట్టి తెచ్చారు, రబ్బరు దిమ్మెల మీద దించారు.

ఇక్కడ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆరనిస్తే నా మీద తెల్లటి మచ్చలు కడతాయి. పెద్దాయన భార్య తానం కాగానే రబ్బరు వైపర్‌తో ఒకసారి పైనుంచి కిందికి లాగుతుంది. నేల పొడిగానే ఉంటోంది.

మీరు కూడా గాజు పెట్టించాలనుకుంటే టైల్స్ పని పూర్తయ్యాకే కొలత ఇవ్వండి. పలక ఇంటికి రాగానే, బిగించకముందే, మూలన చెరగని ముద్ర ఉందో లేదో చూడండి. భద్రతా గాజు ప్రమాణమైన ఐఎస్ 2553 అన్న అంకె కనిపించకపోతే దాన్ని బండి దించనివ్వకండి.