లేని పీఠముపై కూర్చుండు విద్య

కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమందలి వాల్‌కోర్ట్ పట్టణములో మంచుబండ్లు చేసి ప్రసిద్ధికెక్కిన బొంబార్డియే సంస్థవారు, 1973వ సంవత్సరము నుండి కాన్-ఆమ్ అను పేర మట్టిదారుల మోటారుసైకిళ్లను గూడ నిర్మింపసాగిరి. మరుసటి యేడే అమెరికా దేశపు 250 సి.సి. మోటోక్రాస్ పందెములలో ఆ బండ్లెక్కినవారే మొదటి మూడు స్థానములను కైవసము చేసికొనిరి. ముగ్గురు వీరులకు మూడు బండ్లు! ఎంత దుబారా! మన పట్టణములలోనైనచో ముగ్గురికి ఒక్క బండియే చాలియుండెడిది. నడుమ గ్యాసు బండకు గూడ చోటు మిగిలియుండెడిది.

ఈ దుబారాను సవరింప బూనిన మహనీయులు నేడు కెనడా దేశమునను లేకపోలేదు. డర్ట్ బైకుపై వెనుక మిత్రుని కూర్చుండబెట్టుకొని, మట్టిదారిని విడిచి తారురోడ్డెక్కి, కార్ల నడుమ దూసికొనిపోవుటయే వారి సంస్కరణోద్యమము. దాని సీటు పొడవుగా నుండుట చూచి అది ఇద్దరి కొరకే యని వారు నిర్ణయించిరి. రౌతు మలుపులలో ముందునకు జరుగుటకును, ఎగుడుదిగుళ్లలో వెనుకకు జరుగుటకును వీలుగా అది పొడవు చేయబడినదను అల్పవిషయము ఇంజనీర్లకు మాత్రమే తెలిసియుండుట వారి దురదృష్టము. వెనుకవానికి పాదము మోపుటకు ఫుట్‌రెస్టు లేదు. పట్టుకొనుటకు కమ్మి లేదు. కాళ్లు వ్రేలాడదీసినచో ఒక ప్రక్క గొలుసు, నడుమ చక్రపు ఊచలు, వేరొక ప్రక్క సలసల కాగు సైలెన్సరు. వాని బరువు వెనుక ఇరుసుపై పడి ముందు చక్రము తేలికయగుటచే, యాక్సిలరేటరు త్రిప్పినంతనే బండి గుఱ్ఱమువలె ముందుకాళ్లెత్తును. అప్పుడు నడుపువానికి హ్యాండిలు శరణ్యము. వెనుకవానికి నడుపువాని చొక్కా శరణ్యము.

ఇట్టి సింహాసనమునకు ఆహ్వానము మాత్రము మిక్కిలి మధురముగా నుండును: "ఎక్కరా బావా, ఏమీ కాదు, బంకు దాకనే గదా!" దూరము తక్కువయైనచో ఎముక గూడ తక్కువగా విరుగునని ఈ తార్కికుల విశ్వాసము. రోడ్డు నున్నగా నుండుటచే క్షేమమనుట వారి రెండవ సిద్ధాంతము. బురదను కరచి పట్టుకొనుటకై గడ్డలు గడ్డలుగా చేయబడిన ఆ టైరు, తారుపై ఆ గడ్డల కొనలతో మాత్రమే ఆనుచు, బ్రేకు వేసినప్పుడు తన పుట్టుక నెట్లు చాటుకొనునో వారికి పట్టదు. పందెపు బండ్లకు హెడ్‌లైటు గాని, అద్దము గాని, ఇండికేటరు గాని ఉండదు కదా. ఎదుట ఎడమకు మళ్లు కారువాడు వీరిని దివ్యదృష్టితోనే చూడవలసియుండును. ఇంటిలో హెల్మెటు ఒకటే యుండుటయు, దానిని నడుపువాడే ధరించుటయు ఆతిథ్యధర్మమునకు పరాకాష్ఠ.

శాసనకర్తలు మాత్రము ఈ స్నేహమాధుర్యమును గ్రహింపనేరని అరసికులు. మోటారుసైకిలు వెనుక కూర్చున్నవారు ఫుట్‌రెస్టులపై పాదములుంచి తీరవలెనని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమువారు 2012 జూన్ 1 నుండి నిర్బంధించిరి. మనవారు అంతకుముందే, 1988 నాటి చట్టమునను 1989 నాటి నిబంధనలలోను, వెనుక దృఢముగా బిగించిన సీటు, చేతికి పిడి, కాలికి ఆధారము, వస్త్రము చిక్కకుండ వెనుక చక్రమునకు సగము వరకైన మఱుగు ఉండవలెనని విధించి, చీరెకుచ్చిళ్లను సైతము చట్టమున కెక్కించిరి. కెనడాలోనే ఆల్బెర్టావారు 2017 మే 15 నుండి ప్రభుత్వభూములపై మట్టిదారుల బండ్లెక్కువారికి హెల్మెటు తప్పనిసరి చేసి, సొంతభూమిని మాత్రము మినహాయించిరి. పట్టా యెవరి పేర నున్నదో చూచుకొని తలకు తగులు వినయశీలములగు బండరాళ్లు ఆ రాష్ట్రమున నుండవచ్చును.

ఇంజనీరు సీటు కల్పింపకపోయినను, శాసనకర్త కోపగించినను, ఈ ప్రయాణికుని ఉనికిని మనస్ఫూర్తిగా అంగీకరించినవాడొక్కడే కలడు: ఆసుపత్రి గుమాస్తా. 1893లో బెర్టియాన్ అను పండితుడు మరణకారణములకు కూర్చిన పట్టిక, గాయములను గూడ కలుపుకొని పెరిగి పెరిగి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిలో పదవ కూర్పై, 2001 నుండి కెనడా ఆసుపత్రులలో ఆచరణకు వచ్చినది. అందు రోడ్డుపై గాయపడిన మట్టిబండి ప్రయాణికునికి V86.1 అను స్థానము కలదు. పొరుగు అమెరికావారు డర్ట్ బైకు ప్రయాణికునికి ప్రత్యేకముగా V86.16 అను పీఠమునే వేసిరి. బండిపై దొరకని ఆసనము వానికి చివరకు పట్టికలో దొరికినది. అయితే మడ్‌గార్డుపై కూర్చున్నవాడు ప్రయాణికుడా, లేక V86.2లో చెప్పబడిన, బండి వెలుపల వ్రేలాడువాడా యను ధర్మసందేహమున్నది. మోకాలి క్రింది ఎముక రెండు ముక్కలై యున్నవానికి ఇట్టి మీమాంస రుచింపదు.

మఱియొక చిక్కు గలదు. పోలీసులును, ఇన్సూరెన్సువారును వచ్చి బండి నడిపినదెవరని యడుగగానే, అంతవరకు నడుపుటలో తనకు సాటిలేదనిన మిత్రుడు తాను వెనుక కూర్చుంటిననును. వెనుక కూర్చున్నవాడు తానును వెనుకనే కూర్చుంటిననును. ముందెవరును లేకయే ఆ బండి నాలుగు వీధులు దాటివచ్చినదని ఒప్పుకొనక తప్పని ఆ గుమాస్తా, ఏమాత్రమును ఆశ్చర్యపడక, నడుపువాడో ప్రయాణికుడో తేలనివారి కొరకే ముందుచూపుతో ఏర్పరుపబడియున్న V86.3ను ఇద్దరికిని చెరియొకటి వ్రాసి, తరువాతివారిని పిలుచును.