మావయ్య గోప్యత

మా చిన్న మావయ్య ఫోను ముందు కెమెరా మీద అత్తయ్య స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి ఉంటుంది. "అందులోంచి ఎవడో చూస్తుంటాడ్రా" అంటాడు. వీడియో కాల్ చేస్తే మనకి కనిపించేది చీకటి. ఆ చీకట్లోంచి "నేను కనిపిస్తున్నానా?" అని గొంతు వినిపిస్తుంది.

ట్రెజరీ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. కాగితమంటే గౌరవం, అడిగినవాడంటే అనుమానం. టార్చిలైటు యాప్ కాంటాక్టులు చూడనిమ్మంటే, "దీపం వెలిగించడానికి మా బంధువులతో వాడికేం పని?" అని పీకి పారేశాడు. ఆ మాట మటుకు ఒప్పుకోవాలి, నిజంగానే ఏం పని? సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు ఆయనకి కంఠోపాఠం. 2017 ఆగస్టు 24, తొమ్మిదిమంది జడ్జీలు, ఒకే మాట: గోప్యత ప్రాథమిక హక్కు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి అనీ, ఎనభై దాటాక కోర్టుకెక్కారనీ చెప్పి, "రిటైరైనవాళ్లంటే ఏమనుకున్నావ్?" అంటాడు నాకేసి చూస్తూ.

ఇదే మావయ్య రైల్లోంచి మనవరాలికి ఓటీపీ చెబితే బోగీ అంతా వినాల్సిందే. "నాలుగూ, ఏడూ, సున్నా... గుండు సున్నా అమ్మా!" ఒకసారి సిగ్నల్ లేక అటువైపు వినపడకపోతే, పై బెర్తాయన జాలిపడి మిగతా అంకెలు తనే అరిచి చెప్పాడు. కాశీ బయల్దేరేటప్పుడు ఫోన్లో లొకేషన్ ఆపేస్తాడు. ఆపేసి, తాళం వేసిన గేటు ముందు దంపతులిద్దరూ నిలబడ్డ ఫోటో స్టేటస్‌లో పెట్టి, తిరిగొచ్చే తేదీ కూడా రాస్తాడు. ఆధార్‌లో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ నేను తీసిస్తే, "మొహం దాచుకున్న కార్డు ఎవడు తీసుకుంటాడ్రా?" అని జిరాక్స్ షాపు వాట్సాప్‌కి అసలుదే పంపాడు. సరిగ్గా పడని కాపీ అక్కడే వదిలేసి వచ్చాడు.

ఆయన డేటా, ఆయనిష్టం. నా గొడవల్లా బట్టల షాపు దగ్గర. కౌంటర్లో అమ్మాయి నంబరు అడగ్గానే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 మొదలుపెడతాడు. జరిమానా 250 కోట్ల దాకా ఉందని హెచ్చరిస్తాడు. ఆ పిల్ల ఓపిగ్గా విని, "లక్కీ డ్రా ఉంది సార్, మొదటి బహుమతి కారు" అంటుంది. ఇక పేరు, చిరునామా, పుట్టినరోజు, పెళ్లిరోజు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో నింపేసి, "మా మేనల్లుడి నంబరు కూడా రాసుకోమ్మా, రెండు కూపన్లయితే ఛాన్సెక్కువ" అంటాడు.

అప్పట్నుంచీ ప్లాట్లమ్మేవాళ్లూ, లోన్లిచ్చేవాళ్లూ పొద్దున్నే నన్ను పేరుపెట్టి పలకరిస్తున్నారు. ఇలాంటి కాల్స్ ఆపమని 1909కి డీఎన్‌డీ మెసేజ్ పెట్టాను. మామూలు మొబైల్ నంబర్లలోంచి చేసేవాళ్లు దానికి లొంగలేదు. మావయ్య పెళ్లిరోజుకి ఎవడో నాకు శుభాకాంక్షలు చెప్పాడు. వెళ్లి మొరపెట్టుకుంటే, "తెలియని నంబరు ఎందుకెత్తావ్? నీకు బొత్తిగా జాగ్రత్త లేదురా" అన్నాడు. కారు కూడా రాలేదు.

నంబరిస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకి 2023లోనే చెప్పింది. దసరా ఆఫర్లు మళ్లీ వస్తాయి. క్యూలో మీ ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "మీ నంబరెంత బాబూ?" అని ఆప్యాయంగా అడిగితే, దయచేసి చెప్పకండి.