సైడుకాలవ పద్యానికి లంకావ్యాఖ్య

అవతారిక

గూడబాతుల మీదా తామరల మీదా పద్యాలు కట్టేవాళ్ళకి కొల్లేటి సీమలో ఎప్పుడూ కొదవ లేదు. సైడుకాలవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ముక్కు మూసుకుని దాటేశారు. అందుచేత మూలం కూడా వ్యాఖ్యాతే సమకూర్చుకోవలసి వచ్చింది. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మల్లినాథసూరికి ఇంత సౌకర్యం లేదు పాపం.

మూలం (ఆటవెలది)

ఇంటి నీరు వీధి కేగును మెల్లగా
వీధి నీరు బోదె వెంట జారు
బోదె నీరు చేరు బోయి కొల్లేటిలో
ఏటి నోట కడలి యింటి కెక్కు

టీక

ఇంటి నీరు = అంట్లు తోమిన నీరు, స్నానాల నీరు, చేపలు కడిగిన నీరు; చాలా ఇళ్ళలో సెప్టిక్ ట్యాంకు పైగొట్టం వదిలే నీరు కూడాను. ఈ చివరిది కవి నోట రాలేదు, ధ్వని చేత గ్రహించాలి. వీధికిన్ = సిమెంటు రోడ్డు పక్కనున్న సైడుకాలవకు; మెల్లగా ఏగును = దీని సంగతి కింద విస్తరిస్తాం. బోదె వెంటన్ = ఊరి చివరి మురుగుబోదె దారినే; జారున్ = పోవును, పోవలెను, పోతుందని అంచనాల్లో రాసి ఉండును. కొల్లేటిలోన్ = అరవై పైచిలుకు కాలువలూ డ్రెయిన్లూ, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడే సరస్సులో. ఏటి నోటన్ = ఇన్నీ పడ్డాక బయటికి పోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి అయిన ఉప్పుటేటి మొగన్; కడలి = సముద్రము; ఇంటికిన్ ఎక్కున్ = తిరిగి గృహప్రవేశము చేయును.

‘మెల్లగా’ శబ్ద విచారం

ఈ పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. కొల్లేటి అభయారణ్యానికి 1999లో గీసిన హద్దు ఐదో కాంటూరు. అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు. అక్కడి నుంచి ఉప్పుటేటి మీదుగా సముద్రానికి దాదాపు 60 కిలోమీటర్లు. అయిదడుగులంటే అరవై అంగుళాలు కనుక కిలోమీటరుకి అంగుళం వాలు అన్నమాట. మురుగులో మట్టి అడుగుకి దిగకుండా కొట్టుకుపోవాలంటే సెకనుకి సుమారు రెండడుగుల వేగం ఉండాలని ఇంజనీర్ల శాస్త్రం. కిలోమీటరుకి అంగుళం వాలు మీద అంత వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? కాబట్టి ‘మెల్లగా’ అన్నది క్రియావిశేషణం కాదు, భూగోళ శాస్త్రం.

ఇక కాలవ దగ్గరికి వంగి చూడండి. ఇంటింటికీ గుమ్మం ముందు కాలవకి అడ్డంగా ఒక నాపరాయి ఉంటుంది, మోటారుసైకిలు ఎక్కించడానికి. ఆ రాయి కింద పూడిక చేరుతుంది. పంచాయతీ మనిషి వచ్చి పారతో నల్లటి బురద ఎత్తి గట్టు మీద కుప్పలు పెట్టి, మీద తెల్లగా బ్లీచింగ్ చల్లి వెళతాడు. తడి ఆరాక ట్రాక్టరు వస్తుందని సిద్ధాంతం. ట్రాక్టరు కంటే వాన ముందొస్తుంది. కుప్ప మళ్ళీ కాలవలోకే జారుతుంది, ఈసారి బ్లీచింగ్‌తో సహా. రెండో పాదంలో ‘జారు’ అన్న క్రియ సార్థకమయ్యేది ఇక్కడే.

అలంకారం

ఒకదాన్ని పట్టుకుని, వదిలి, ఇంకోదాన్ని పట్టుకునే గృహీతముక్త రీతి గనుక ఏకావళి. ఆఫీసుల్లో ఈ అలంకారానికి పేరు ‘అది మా పరిధిలోది కాదు’. వీధికాలవ పంచాయతీది, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మురుగు సంగతి చూడడం దాని విధి. పెద్ద డ్రెయిన్ జలవనరుల శాఖది. కొల్లేరు అటవీ శాఖది. నీరు మూడింటినీ దాటుతుంది, ఫైలు దాటదు.

పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలోకి వచ్చే నీటిని గాని పోయే నీటిని గాని అనుమతి లేనిదే మళ్ళించకూడదు, ఆపకూడదు, పెంచకూడదు. అక్షరాలా అన్వయిస్తే, సంక్రాంతికి అల్లుడొచ్చి నాలుగు బిందెలు ఎక్కువ పోసుకున్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సంతకం కావాలి. ఇంతటి చట్టం ఉండగానే ఊళ్ళ మురుగంతా అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన (2002) సరస్సులోకి నిక్షేపంగా దిగుతోంది. దీన్ని విరోధాభాసం అనవచ్చునా అంటే, ఆభాసమేమీ లేదు, విరోధమే.

పూర్వపక్షం

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన తార్కికుడొకడు అడిగాడనుకోండి: “ఏవండీ, భూమిలో పైపులేసి పారేస్తే పోలా? లేదా ఇంటికో ఇంకుడుగుంత తవ్వించండి.” ఆయనకి ఎర్రకాలువ ఉంది, అది కిందికి పోయి యనమదుర్రు డ్రెయిన్ అవుతుంది, వాలున్న ఊరివాడు, అలాగే మాట్లాడతాడు.

సమాధానం: పైపుకి కూడా వాలే కావాలి. లేకపోతే పంపులు పెట్టి తోడాలి, కరెంటు బిల్లు కట్టాలి. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో నూటికి 60 మంచినీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టి ఇచ్చారు గాని, కొల్లేటి మధ్య చిన్న లంక ఊరికి వచ్చే వాటా ఎంతని! ఇక ఇంకుడుగుంత. వర్షాకాలంలో గునపం దింపితే నీళ్ళూరే చోట గుంత నీటిని తాగదు, మనకే పోస్తుంది. సెప్టిక్ ట్యాంకు నిండితే స్తంభం మీద రాసిన నంబరుకి ఫోన్ చేస్తారు. ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది. తోడింది ఎక్కడ వదులుతుందని అడగడం మర్యాద కాదు. ప్రతి లంకవాళ్ళూ పక్క లంకలో అనే అనుకుంటారు.

చతుర్థ పాద విమర్శ

సముద్రం ఇంటికెక్కడం అతిశయోక్తి కాదా? కొంత అవును. సముద్రం స్వయంగా రాదు; పోటు మీదున్నప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉప్పుటేటిని బయటికి పోనివ్వదు, అంతే. ఎండాకాలం కొల్లేట్లో నీరు తగ్గితే మాత్రం ఉప్పునీరు ఎదురెక్కి లోపలిదాకా వస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు ఆ తరవాత కొల్లేటికే వచ్చింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగింది, లంకలు నీళ్ళలో నిలబడ్డాయి. అలాంటప్పుడు స్నానాలగది తూములో నీరు పోవడం మానేసి బుడబుడమంటూ పైకొస్తుంది. విజయవాడ నీరు ముందో, మన అంట్ల నీరు ముందో తేల్చడం నైయాయికుల వల్ల కూడా కాదు. చుట్టూ చేపల చెరువుల గట్లు ఊరి కంటే ఎత్తుగా లేచిన చోట, ఇంజను పెట్టి తోడితే గాని వీధి బయటపడదు. డీజిలుకి చందాలు వేసుకుంటారు. ఈ సీమలో మురుగు వ్యవస్థకి నిఖార్సయిన నిర్వాహకులు వీళ్ళే: చందా పుస్తకం పట్టుకున్న కుర్రాళ్ళు, పార పట్టుకున్న పంచాయతీ మనిషి, తెల్లవారుజామున తన నాపరాయి కింద కర్రతో పొడిచి బురదని పక్కింటి వైపుకి తోసే ఇల్లాలు. పక్కింటావిడా నిద్ర లేస్తుంది, ఆవిడకీ కర్ర ఉంది.

పాఠాంతరాలు

నాలుగో పాదం కొందరు ‘ఏటి నోట దోమ లింటి కెక్కు’ అని చదువుతారు. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది, దోమలూ ఉన్నాయి. గ్రాహ్యమే. రెండో పాదానికి ‘వీధి నీరు బోదె వెంబడాగు’ అని లంకల్లో పాఠం. పరిశోధించి చూస్తే అన్ని ఊళ్ళలోనూ ఇదే కనిపిస్తోంది. ‘జారు’ అనే పాఠం ఒక్క పనుల అంచనా పుస్తకాల్లో మాత్రమే దొరికింది.