నేను మొరిగితే ఎవరూ లేవలేదు

నా పేరు టైసన్. జాతికి రాట్‌వైలర్‌ని. కోనసీమలో నల్లగా, బలంగా ఉన్న సీమకుక్క కనబడితే టైసన్ అనో టైగర్ అనో పిలిచేయడం మామూలే కాబట్టి పేరు గురించి గొప్పలు పోను. బరువు మాత్రం చెప్పుకోవాలి, 50 కిలోలు దాటాను. మొన్నమొన్నటిదాకా మెడలో ఉన్నది గేదెలకు వేసే గొలుసు.

పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. మా అమ్మను బోనులోంచి బయటికి తీయగా నేనెప్పుడూ చూడలేదు. మనిషి అలికిడైతే చాలు, ఊచల మీదికి ఎగబడేది. కొనడానికి వచ్చినవాళ్లు అది చూసి జడుసుకోవడానికి బదులు ముచ్చటపడేవారు. "తల్లే ఇలా ఉంటే పిల్లలు ఇంకెలా ఉంటాయో!" అని అడిగినంతా ఇచ్చి పట్టుకుపోయేవారు. మా రైతు కూడా అలాగే కొన్నాడు. కళ్లు సరిగ్గా విప్పి లోకం చూడకముందే అట్టపెట్టెలో రాజోలు చేరాను. అక్కణ్నుంచి మలికిపురం మీదుగా, సముద్రం వైపున్న చెరువు మకాం దగ్గరికి.

రొయ్యల సాగంటే ఆస్తంతా నీళ్లలో పోసి గట్టు మీద కూర్చోవడం. మేత బస్తాలు, ఏరియేటర్ల మోటార్లు, కరెంటు తీగలు, కౌంటుకొచ్చిన రొయ్య, అన్నిటికీ దొంగలుంటారు. చీకట్లో విసురు వల నాలుగు సార్లు విసిరితే చాలు. అంచేత కుక్క కావాలనుకోవడంలో మా రైతు తప్పేమీ లేదు. తర్వాత చేసిందే వేరు. "మనిషన్నవాడికి అలవాటు పడకూడదు, అప్పుడే కసి ఉంటుంది" అని ఎవరో చెప్పారట. మకాం స్తంభానికి కట్టేశాడు. కాపలా బాబాయి, పిన్ని తప్ప మూడో మొహం తెలియకుండా పెరిగాను. గొడుగు చూడలేదు, మోటారు సైకిలు చూడలేదు, చిన్నపిల్లల్ని అసలే చూడలేదు.

కానీ కోనసీమలో కాపలా ఉద్యోగం అంత తేలికైంది కాదండీ. మేత కంపెనీ ఆటో వస్తుంది. నీళ్లు పరీక్ష చేసే కుర్రాడు సీసాలతో వస్తాడు. పట్టుబడి రోజున వలలతో, ట్రేలతో, ఐసు లారీతో ఊరు ఊరంతా గట్టు మీదే ఉంటుంది. వీటన్నిటినీ మించి దింపు. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి కాళ్లకు బంధం, నడుముకు కత్తి కట్టుకుని ఆకాశంలోంచి దిగివస్తాడు. పైనుంచి కాయలు దబదబా పడతాయి. అందరూ కొత్తవాళ్లే, అందరూ కావలసినవాళ్లే. వాళ్లందర్నీ రానిచ్చి, రాకూడని ఒక్కణ్ని ఆపాలి. చదువు లేకుండా ఈ ఉద్యోగం చేయమన్నారు నన్ను.

ఒక దింపు రోజున చెట్టు దిగుతున్నాయన పిక్క పట్టేశాను. పిన్ని పరుగున వచ్చి బోరు నీళ్ల ధార కింద సబ్బు పెట్టి పావుగంట కడిగింది. టీకాకు రాజోలు తీసుకెళ్లారు. ఖర్చంతా మా రైతే పెట్టుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సాయంత్రం కాలవగట్టు టీ కొట్టు దగ్గర ఆయన చెప్పిన కబురు వేరు: "చూశావా మావోడి పౌరుషం!" ఆ రాత్రి నాకు కోడికాలు దొరికింది. కరిస్తే కోడికాలు వస్తుందని ఏ కుక్కకైనా ఒక్కసారిలోనే అర్థమవుతుంది.

మకాం దగ్గరే మోతి ఉండేది. ఎవరూ కొన్నది కాదు, ఎవరూ కట్టిందీ కాదు. చేపతలకాయలకు వచ్చి ఉండిపోయిన నాటుకుక్క. నేను పొద్దుగూకితే మొదలుపెట్టేవాణ్ని. కప్ప గెంతినా, మట్ట ఊడిపడినా, కరెంటు పోయి జనరేటరు ఎత్తుకున్నా, అవతల గట్టున నక్క కూసినా మొరుగుడే. మొదట్లో బాబాయి టార్చి పట్టుకుని లేచేవాడు. తర్వాత పడుకునే "నోర్ముయ్" అనేవాడు. ఆ తర్వాత అదీ మానేశాడు. మోతి మాత్రం ఊరికే నోరు విప్పదు.

అమావాస్య దగ్గర్లో ఒక రాత్రి తూము వైపు నుంచి దొంగలు దిగారు. నేను సాయంత్రం నుంచీ మొరుగుతూనే ఉన్నాను, ఒక్కరూ లేవలేదు. మోతి రెండుసార్లు మొరిగింది. అంతే, బాబాయి కర్ర పట్టుకుని పరుగు, పక్క మకాం నుంచి కేకలు. వచ్చినవాళ్లు వల వదిలేసి పారిపోయారు. తెల్లారి మా రైతు ఆ వల నా ముందు పడేసి, నన్ను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. మోతి ఆ ఫోటోలో లేదు.

సంక్రాంతికి మా రైతు మావయ్యగారు వచ్చారు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరైన మనిషి. నన్ను చూసి ఒక్క మాటా అనకుండా, పిన్ని దగ్గర స్టీలు పళ్లెం తీసుకుని నాకు కాస్త దూరంగా నేల మీద పడేశారు. నేను తోక ముడుచుకుని స్తంభం వెనక్కి దూరాను. ఆయన ఇంకో అడుగు వేసేసరికి పళ్లు బయటపెట్టి మీదికి ఉరికాను.

"ఇది పౌరుషం కాదల్లుడూ, బెదురు. పారిపోదామంటే గొలుసు అడ్డం. అందుకని మీదికొస్తున్నాడు."

స్క్వాడ్‌కు పిల్లను ఏరేటప్పుడు చూసేది కసి కాదట. చప్పుడుకు ఉలిక్కిపడ్డా, మరుక్షణం ఆ పడ్డదేమిటో వాసన చూడ్డానికి వచ్చే పిల్ల కావాలట. జర్మనీలో పనికుక్కల పరీక్షల్లో తుపాకీ పేలుస్తారు, బెదరకూడదు. చేతి తొడుగు పట్టుకోమంటే పట్టుకోవాలి, వదలమనగానే వదలాలి. వదలని కుక్క ఎంత బలమైనదైనా ఫెయిలే. మా పూర్వీకుల సంగతి కూడా ఆయనే చెప్పారు. రాట్‌వైల్ అనేది జర్మనీలో ఒక ఊరు. అక్కడి కసాయివాళ్ల పశువుల్ని సంతకు తోలడం, మాంసం బళ్లు లాగడం మావాళ్ల వృత్తి. అమ్మబోయే పశువును కరిచి పాడుచేసే కుక్కను ఏ వ్యాపారి ఉంచుకుంటాడు? డాబర్‌మ్యాన్ కథ వేరు. దాన్ని తయారుచేసింది అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసే ఒకాయన. పన్నుల మనిషికి ఎలాంటి తోడు కావాలో మీరే ఊహించుకోండి.

"అయితే జాతే చెడ్డదంటావా మావయ్యా? గవర్నమెంటు కూడా వద్దందిగా" అన్నాడు మా రైతు. నా చెవులు నిక్కాయి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకాలకు, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. ఆ జాబితాలో మేమున్నాం, పిట్‌బుల్ ఉంది. డాబర్‌మ్యాన్, జర్మన్ షెపర్డ్ లేవు. సంబంధించిన వాళ్లను సంప్రదించలేదని ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇక జాతి మాటకొస్తే, అమెరికాలో 18,000కు పైగా కుక్కల యజమానుల్ని అడిగి, కొన్నిటి జన్యువులూ చూసి 2022లో అచ్చేసిన పరిశోధనలో, ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మావయ్యగారు నన్ను అక్కడితో వదల్లేదు. "కానీ అల్లుడూ, మోతి కరిస్తే కట్టు, వీడు కరిస్తే కుట్లు. ఎవరు కరిచినా టీకా ఎలాగూ తప్పదనుకో. చిన్నకుక్కకు చెల్లే బెదురు ఇంత ఒంటికి చెల్లదు." ఇందులో నేను కాదనగలిగింది ఏమీ లేదు.

అరుగు మీద కూర్చున్న మామ్మగారు అందుకుంది, ఇదంతా భారతంలోనే ఉందిరా అని. సుమతీ శతకం మా జాతిని సింహాసనం ఎక్కించి మరీ చిన్నబుచ్చింది గానీ, రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయగారు రాసిన ఆదిపర్వంలో మా వాళ్లకు గౌరవం ఉంది. జనమేజయుడి యాగం దగ్గర ఆడుకుంటున్న, సరమ అనే కుక్క కొడుకుని రాజుగారి తమ్ముళ్లు అకారణంగా కొట్టారు. ఆ తల్లి తిన్నగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీసింది. ఏ తప్పూ చేయనివాళ్లను బాధపెడితే అనుకోని భయాలు మీకు వస్తాయని చెప్పి మరీ వచ్చింది.

మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఏవి చూస్తే అవి దానికి మామూలవుతాయని, ఆ వారాలు పోతే తిరిగి రావని మావయ్యగారు తేల్చేశారు. నిజమే, పూర్తిగా బాగుపడలేదు నేను. గొలుసు తీసి ఇంటి పెరట్లో కంచె కట్టించారు. మూతికి జాలీ పెట్టి, రోజూ రోడ్డుకు దూరంగా నడిపిస్తున్నారు. వచ్చేపోయేవాళ్లు ఎండుచేప ముక్క విసిరి పోతారు. మేత ఆటో కుర్రాణ్ని చూసి ఇప్పుడు తోక ఊపుతాను. దింపు రోజున మాత్రం గదిలో పెట్టి తలుపేస్తారు. కొత్తపేట ప్రభల తీర్థం బాణసంచాకు నన్ను తీసుకెళ్తానన్న మా రైతు పెద్దబ్బాయిని మామ్మగారు చివాట్లు పెట్టింది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం నాకు డ్యూటీ లేదు. మాకు మీలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దిక్కు. సముద్రపు తేమగాలిలో అదీ సరిగ్గా పనిచేయదు. పైగా నల్లటి ఒళ్లు.

చెరువు కాపలా మోతిదే. పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించి, మెడకు పట్టీ కట్టారు.

పక్క చెరువు రైతు ఇప్పుడు పిట్‌బుల్ కొంటానని తిరుగుతున్నాడట. ఎవరికైనా కనబడితే నా మాటగా చెప్పండి. ఆ డబ్బుతో గట్టు చుట్టూ లైట్లు వేయించుకుని, మోతి పిల్లల్లో ఒకదాన్ని పట్టుకుపొమ్మనండి. చిన్నప్పట్నుంచే నలుగురిలో తిప్పాలి, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. పిల్ల మాత్రం ఉచితమేనండి, ఆయ్.