ఉద్యోగ విరమణానంతర జీవితంలో నీళ్ల మోటారు పాత్ర

జంషెడ్‌పూర్‌లో ఉద్యోగ విరమణ వయస్సుకే కాదు, భూగోళానికి కూడా సంబంధించిన విషయం. కంపెనీ క్వార్టరులో, అంటే కొలువున్నంతకాలం యాజమాన్యం ఇచ్చే ఇంట్లో, ఒక జీవితం గడిపినవారు విరమణ తరువాత దానిని అప్పగించవలసి రావడం వల్ల, చాలామంది సువర్ణరేఖ వంతెన దాటి మాంగోలో ఫ్లాటు కొనుక్కుంటారు. తాతల నాడు ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారానికి వచ్చి, బిష్టుపూర్ రామమందిరం చుట్టూ ఒక చిన్న తెలుగునాడు కట్టుకున్న కుటుంబాలకూ ఇదే దారి.

అసలు చిక్కు ఇంటిది కాదు, కాలానిది. టాటా కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసి, మిగిలిన పదహారు గంటల భారాన్ని మౌనంగా ఇల్లాళ్లకు అప్పగించింది. విరమణతో ఆ ఎనిమిదీ వాళ్ల నెత్తినే పడతాయి. పప్పు డబ్బాలను తేదీలవారీగా పేర్చమని సలహా ఇచ్చే భర్తను "ఏమండీ, కాస్త డిమ్నా రోడ్డు దాకా నడిచి రాకూడదూ" అని సాగనంపే ఇల్లాలిని కఠినురాలనడం అన్యాయం.

సానుకూల దృక్పథంపై ఉపన్యాసాలు తీర్చలేని ఈ సమస్యను మాంగో తీరుస్తుంది, అదీ తన లోపాలతోనే. కంపెనీ లీజు భూమికి వెలుపల ఉన్న ఈ పేటలో నీళ్లు ట్యాంకుకు ఎక్కాలంటే కరెంటు ఉన్నప్పుడు ఎవరో ఒకరు లేచి మోటారు వేయాలి. రాత్రి పదింటికి మొదలై తెల్లవారి ఆరింటికి ముగిసే సి షిఫ్టులో దశాబ్దాలు మేల్కొన్న మనిషికి ఇంతకంటే తగిన పదవి లేదు. అపార్ట్‌మెంట్ సొసైటీకి కార్యదర్శిగా అతడు ఏకగ్రీవంగా ఎన్నికవుతాడు, ఎందుకంటే మరొకరు పోటీకి రారు. వారం తిరక్కుండానే లాగ్‌బుక్కు, అంటే మోటారు ఎప్పుడు వేసిందీ ఎప్పుడు ఆపిందీ రాసే పుస్తకం, వెలుస్తుంది. పై అంతస్తులోని మరో విశ్రాంత ఉద్యోగి బి షిఫ్టు తీసుకుంటాడు. బేరింగు శబ్దం మీద ఇద్దరికీ మాటామాటా పెరుగుతుంది. ఇద్దరి రక్తపోటూ ఆశ్చర్యంగా అదుపులోనే ఉంటుంది.

బెంగళూరులోని కొడుకు వచ్చి నాలుగు నెలలు ఉండమంటే తండ్రి కుదరదంటాడు. కారణం అడిగితే, తన స్థానంలో షిఫ్టు అందుకునే రిలీవరు ఇంకా దొరకలేదని గంభీరంగా చెబుతాడు. ఇల్లాలు మాత్రం టాటానగర్‌లో ఒంటరిగానే రైలెక్కుతుంది, అదీ తిరుగు టికెట్టు తీసుకోకుండా.